గిన్నె అడుగు తీపి

గంగుబాయి అన్నం తింటుంటే చూసినవాళ్లు ఆ ఇంట్లో తక్కువ. అందరి కంచాలూ ఎత్తాక, పొయ్యి చల్లబడ్డాక, వంటింటి గోడకు వీపు ఆనించి, గిన్నెలో మిగిలినది గిన్నెలోనే కలుపుకుని తినేది. కూర మిగిలిన రోజు కూర, అన్నం మిగిలిన రోజు అన్నం, ఏమీ మిగలని రోజు అడుగంటిన మాడు. తనకంటూ ఒక ఆకలి ఉందనీ, ఆ ఆకలికి ఒక ఇష్టం ఉంటుందనీ ఆమె ఎన్నడూ అనుకున్నట్టు లేదు. ఇంటి ఆకలి ఎక్కడ ఆగితే అక్కడ ఆమె ఆకలి మొదలయ్యేది.

సిరిసిల్లలో వాళ్లుండే గల్లీకి నిద్ర లేదు. ఇంటికో రెండు సాంచెలు, కరెంటుతో నడిచే మగ్గాలు, పొద్దూ మాపూ మోగుతూనే ఉంటాయి. ఆ మోత గోడల్లో ఉంటుంది, కుండలోని నీళ్లలో ఉంటుంది, పడుకున్న పిల్లల వీపుల్లో ఉంటుంది. గంగుబాయి భర్త వెంకటి పరాయి వాళ్ల సాంచెల మీద బట్ట నేస్తాడు. ఆ సాంచెలకు కావలసిన దారాన్ని చిన్న చిన్న కండెలకు చుట్టడం ఆమె పని. దారం ఆమె వేళ్ల మధ్య నుంచి ఎన్నేళ్లుగా పారుతోందో, ఆ వేళ్ల కొనలు నది ఒడ్డు రాళ్లలా నున్నబడ్డాయి.

పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు, ముథోల్ దగ్గర. పెళ్లయి ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా తల్లిని మరాఠీలో ఆయి అనే తలుచుకుంటుంది. పారేసిన మెతుకు చీకట్లో వెతుక్కుంటూ మన వెనకే నడిచి వస్తుందని ఆయి చిన్నప్పుడు భయపెట్టింది. ఆ మెతుకు అడుగుల చప్పుడు గంగుబాయికి ఇప్పటికీ వినిపిస్తుంది కాబోలు, ఆ ఇంట్లో పారేసింది ఏదీ ఉండదు.

వానాకాలంలో ఆమె నాలుక మీద తెల్లటి పొర కమ్మింది. మొదట సున్నం పూసినట్టు పలుచగా, తర్వాత దూది పరిచినట్టు మందంగా. కారం తగిలితే నోరంతా నిప్పు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ జొన్నరొట్టె తినే మనిషి, చల్ల కలిపిన అన్నాన్ని కూడా కళ్లు మూసుకుని మింగసాగింది. ఎవరికీ చెప్పలేదు. దసరా దాటేసరికి జాకెట్టు భుజాల మీంచి జారుతుంటే కోడలు మమతారాణికి అనుమానం వచ్చింది.

"అత్తమ్మా, నోరు తెరువు."

"ఎందుకే? నీ మీద చాడీలేమన్న చెప్పిన్నా?"

"తెరువుమంటున్న గద."

తెరిచింది. మమతారాణి ఆమె గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, "గింత పత్తి నోట్ల పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవే తల్లీ," అంది. మరుసటి రోజే కరీంనగర్ బస్సెక్కించింది.

డాక్టరమ్మ నాలుక చూసింది, రక్తం పరీక్ష చేయించింది. "షుగర్ బాగ పెరిగిందమ్మా. నాలుక మీదిది ఒక రకం బూజు. ఈస్ట్ అంటరు. అందరి నోట్ల జరంత ఉంటది, దాని పాటికి అది ఉంటది. ఒంట్ల చక్కెర పెరిగిందనుకో, దానికి పండుగ. మందుతోని పోతది గని, చక్కెర దిగకుంటె మల్ల వస్తది. తీపి బాగ తింటవా?"

గంగుబాయి నొచ్చుకుంది. "నేనా? కూసొని తీపి తిన్నది నాకు యాదికే లేదు బిడ్డా."

"నిజమే మేడం. మా అత్తమ్మ లడ్డు ముట్టంగ నేనెప్పుడు సూడలే," అంది మమతారాణి.

డాక్టరమ్మ గోలీలు రాసింది, నాలుక మీద వేసుకునే చుక్కల మందు రాసింది. చక్కెర, బెల్లం, బన్ను, బ్రెడ్డు వద్దంది. అన్నం తగ్గించమంది. కల్లు మాట ఎత్తొద్దంది. "మల్ల వచ్చేసరికి దిగకుంటె మాత్రం రోజూ సూదే," అంది.

సూది నొప్పికి గంగుబాయి భయపడలేదు. తన కోసం రోజూ ఎవరో ఒకరు పని ఆపుకుని, మందు సీసా పట్టుకుని నిలబడతారన్న ఊహే ఆమెను కుంగదీసింది. ఎవరినీ ఒక్క నిమిషం ఆపకుండా బతికిన మనిషి. ఆ సూది తప్పించుకోవడం కోసం దేనికైనా సిద్ధపడింది. మమతారాణి ఆమెకు విడిగా జొన్నరొట్టె చేసింది, ఆమె పుట్టింటి వైపు వండే శనగపిండి కూర, పిట్ల, కలిపింది, తోటకూర, గుడ్డు పెట్టింది. తన ఒక్కదాని కోసం వేరే గిన్నె పొయ్యెక్కడం చూసి గంగుబాయి సిగ్గుపడుతూ తిన్నది. చాయ్‌లో చక్కెర మానింది. గోలీ ఒక్క పూట మరువలేదు.

అయినా చక్కెర దిగలేదు. రెండోసారి వెంకటి తోడు వెళ్లాడు. డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, నా దగ్గర దాచుడెందుకు? ఈసారికి చూస్త. మల్లొచ్చేసరికి గిట్లనే ఉంటె ఇగ నేనేం చెయ్యలేను," అంది.

తిరుగు బస్సులో వెంకటి ఉండబట్టలేకపోయాడు. "నిజం చెప్పవే. ఎవలింట్ల కూసొని తింటున్నవ్? దొంగతనంగ తినే కర్మ నీకేం పట్టింది?"

గంగుబాయి కిటికీ వైపు తిరిగింది. బయట కోతలైన మళ్లు, వాటి మీద వాలుతున్న ఎండ. ఆ మౌనం బస్సు దిగింది, గల్లీలోకి నడిచింది, ఇంట్లో చాప పరుచుకుని కూర్చుంది. వెంకటికి అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. ఆ మోతలో ఒక మనిషి నిశ్శబ్దం అంత పెద్దగా వినిపిస్తుందని వెంకటికి అప్పుడే తెలిసింది. సాంచె ముందు నిలబడి, పారుతున్న బట్టను చూస్తూ, ఎవరికీ చెప్పకుండా సమ్మక్క తల్లికి ఏదో మొక్కుకున్నాడు.

ఒక పొద్దున కరెంటు పోయి గల్లీలోని సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అలాంటప్పుడు ఇళ్లు తమ గొంతులు తాము వింటాయి. గడపలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మమతారాణికి వంటింట్లోంచి గాజు గ్లాసు అడుగును వేలితో తట్టిన చప్పుడు వినిపించింది. తొంగి చూసింది. కూతురు తిరుమల సగం తాగి వదిలేసిన పాలు, అడుగున కరగని చక్కెర. గంగుబాయి గ్లాసు ఎత్తి, తల వెనక్కి వాల్చి, చివరి పలుకు జారేదాకా తట్టి తాగింది. తర్వాత వెంకటి సాసర్‌లో మిగిల్చిన చాయ్, అందులో నానిన బిస్కెట్టు తునకతో సహా. తర్వాత మమతారాణి భర్త భానుప్రసాద్ కొరికి పెట్టిన బన్ను ముక్క.

"అత్తమ్మా! ఏం చేస్తున్నవ్?"

"ఏం చేస్తున్న? గిలాసలు కడుగుతున్న."

"నోటితోనా?"

"మరి పారబోయాల్నా? పాలు పారబోస్తరానే ఎవలన్న?"

"గదే గద తినుడు!"

"గది తినుడెట్లయితదే? కూసొని తింటె తినుడు. గిది నిలవడి గిన్నె ఖాళీ చేసుడు." గంగుబాయి ముఖంలో దాపరికం లేదు. చిన్నపిల్లకు చెబుతున్నంత ఓపికగా చెప్పింది.

మమతారాణికి నవ్వు వచ్చింది. ఆగకుండా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి తాను వదిలేసిన ప్రతి గ్లాసూ, పిల్ల తోసేసిన ప్రతి ముద్దా, ఆదివారం చెంబు అడుగున మామ మిగిల్చిన కల్లూ ఎక్కడికి వెళ్లాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అత్త అబద్ధం ఆడలేదు. ఇల్లంతా వదిలేసిన తీపి ఆ ఒక్క నాలుక మీద పేరుకుంది.

ఆ సాయంత్రం అందరూ కూర్చోగానే చెప్పింది. "రేపటి సంది ఇంట్ల చక్కెర బంద్. బన్ను బంద్. కల్లు బంద్. అత్తమ్మ ఏం తినాల్నో అందరం గదే తినాలె. గప్పుడు ఏం మిగిలినా ఫికర్ లేదు."

వెంకటి కంచంలోంచి తలెత్తాడు. "అంటె ఇంటికంతటికి షుగరొచ్చిందా ఏంది?"

"వచ్చిందనుకో మామా."

"మధ్యల నేనేం పాపం చేసిన?"

"సాసర్ల సగం చాయ్ ఇడిసిపెట్టుడే నీ పాపం."

వెంకటి భార్య వైపు చూశాడు. బస్సులో అన్న మాట గుర్తొచ్చింది కాబోలు, కంచం అడుగు దాకా ఊడ్చుకుని తిన్నాడు.

అయినా ఒంటి అలవాటు మాట వింటుందా? కొన్నాళ్లు గల్లీ చివరి హోటల్‌లో తీపి చాయ్ తాగి, మూతి తుడుచుకుని ఇంటికొచ్చేవాడు. ఒకరోజు ఎత్తుకోగానే తిరుమల తాత చెంపకు ముక్కు ఆనించి, ఇల్లంతా వినపడేలా అరిచింది: "బాపమ్మా! తాత మీసాలు చక్కెర వాసనొస్తున్నయి!"

గంగుబాయి నవ్వింది. బస్సు దిగిన తర్వాత భర్త ముందు ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసమే అయి ఉంటుంది, వెంకటి హోటల్ దారి మానేశాడు.

చక్కెర వెళ్లిపోయాక ఇంట్లో అణిగి ఉన్న చిన్న చిన్న తీపులు బయటికి వచ్చాయి. జొన్నరొట్టె నమిలే కొద్దీ తీపి. కాల్చిన ఉల్లిగడ్డ తీపి. పాలు వట్టిగానే తీపి అని తిరుమల కనిపెట్టింది. గంగుబాయి ఇంకా చివరనే తినేది, గిన్నెలోనే తినేది, ఆ పాత నడక మారలేదు. కానీ ఇప్పుడు ఆ గిన్నె అడుగున ఆమెకు చెడు చేసేదేదీ లేదు.

నాలుక మీది దూది పలచబడి, అంచుల్లోంచి ఎరుపు తొంగి చూసింది. సంక్రాంతి రాకముందే పచ్చిమిరపకాయ కొరికింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతుంటే, "అబ్బ, గిదే గదా కారం," అంటూ మరొకటి తీసుకుంది. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కాగితం చూసి, కళ్లద్దాలు తీయకుండానే నవ్వింది. "సూది అవసరం లేదు. గోలీలు ఆపొద్దు, తిండి తప్పొద్దు. తప్పితె పొర మల్ల వస్తది, గది యాదుంచుకో."

ఇంటికొచ్చాక వెంకటి తల గోక్కుంటూ మొక్కు సంగతి బయటపెట్టాడు. భార్య నోరు బాగైతే సమ్మక్కకు ఆమె నిలువెత్తు బంగారం ఇస్తానన్నాడట. ఆ తల్లి దగ్గర బంగారం అంటే బెల్లమే, మనిషి బరువుకు సరితూగే బెల్లం.

మమతారాణి నెత్తి పట్టుకుంది. "ఏం మొక్కు మొక్కినవ్ మామా! కొబ్బరికాయ యాదికి రాలేదా?"

"నిన్ను అనరాని మాటన్న గద, గందుకే..." అన్నాడు వెంకటి భార్య వైపు చూడకుండా.

"అన్నది నన్ను. మొక్కింది ఆమెకా?" అంది గంగుబాయి.

అయినా మొక్కు మొక్కే. జాతర నెలలో బెల్లం దుకాణంలో పెద్ద కాంట ఒక పళ్లెంలో ఆమెను కూర్చోబెట్టారు. రెండో పళ్లెంలో దుకాణదారు చాంద్‌పాషా బెల్లం ముద్దలు పేర్చాడు. "చెల్లే, జర ఊపిరి ఇడువు. బిగవడితె కాంట పరేషాన్ అయితది," అన్నాడు. గంగుబాయి పైకి లేచింది, కిందికి దిగింది, కాసేపు గాలిలో ఊగి నిలిచింది. ఎదుట తన ఒంటి బరువంత తీపి. చిక్కిపోయిన ఆ మనిషి మళ్లీ ఒళ్లు చేసిందని ఆ ముద్దల ఎత్తు చూసి వెంకటికి అర్థమైంది. మురిసిపోతూ మరో ముద్ద అందించాడు.

ఊరి బయట సమ్మక్క గద్దెల దగ్గర తల్లికి బెల్లం అప్పగించి, గల్లీలో పంచడానికి ఒక గంపెడు వెనక్కి తెచ్చారు. ఇల్లంతా చెరుకు తోటలా ఘుమఘుమలాడింది. మమతారాణికి భయం పట్టుకుంది. ప్రసాదం, అందులోనూ అత్త పేరు మీదిది, అందులోనూ మిగిలేది.

గడప ముందు గంప దించి, వెంకటి మొదటి ముక్క తానే నోట్లో వేసుకున్నాడు. ఇన్ని నెలల తర్వాత తగిలిన ఆ తీపికి ముఖం ముడుచుకుపోయింది. కొంత కొరికి, మిగిలింది ఏం చేయాలో తెలియక, చూడకుండానే చేయి పక్కకు చాపాడు. ముప్పై ఏళ్లుగా ఆ చేయి అటే సాగుతోంది. అక్కడ ఎప్పుడూ గంగుబాయి ఉంటుంది.

మమతారాణి లోపలే ఆగిపోయింది.

గంగుబాయి ఆ అరచేతిని చూసింది. కాసేపు చూసింది.

"నాకద్దు," అంది.

ఆ ఇంట్లో పూటకోసారి ఎవరో ఒకరు అనే మాటే అది. ఆమె నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. వెంకటి ఆమె వైపు తిరిగి, కరిగి వేళ్లకు అంటుకుంటున్న ముక్క వైపు చూసి, కళ్లు గట్టిగా మూసుకుని దాన్ని తానే మింగాడు.

"గింత తీపి ఎట్ల తిన్నమే ఇన్నేండ్లు," అన్నాడు.

గంగుబాయి అప్పటికే గంప నడుముకు ఎత్తుకుంది. పక్కింటి గుమ్మం ముందు నిలబడి, సాంచెల మోతను దాటి వినపడేలా లోపలికి కేకేసింది.