అర్లీన్ తెప్పించిన ఫొటో

అమెరికాలో మా డులూత్ ఊళ్లో ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన అర్లీన్ హౌకల గారికి ఆ జనవరిలో జ్యూరీకి రమ్మని, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పన్నెండుమందిలో కూర్చోమని, పిలుపొచ్చింది. కేసేమిటంటే, పాత సామాన్ల కొట్టు యజమానిని మధ్యాహ్నంపూట ఎవరో వెనకనుంచి తలమీద కొట్టి పారిపోయారు. ముద్దాయి టోబీ అనే ప్లంబర్. నేరం రుజువైతే ఏళ్ల తరబడి జైలు.

అసలు సాక్షులు ఇద్దరే. కొట్టు పక్కింట్లో ఉండే గ్రేడీ నిటారుగా కూర్చుని, "టోబీ కొట్టు వెనక గేటు తెరుచుకుని పరిగెత్తడం నా కళ్లారా చూశాను" అన్నాడు. ఎక్కడా తడబడలేదు. ముసలావిడ ఇడా మాత్రం వణికిపోయింది. ఆ వేళకు టోబీ తన ఇంట్లో పగిలిన పైపు బాగుచేస్తున్నాడని చెబుతూ, ముందు మంగళవారమంది, కాదు బుధవారమంది. తలెత్తనే లేదు.

జ్యూరీ గది తలుపు మూయగానే జ్యూరీకి పెద్దగా ఎన్నికైన నోరిస్, "ఇంకా చూసేదేముంది? ఆవిడ అబద్ధమాడుతోందని ముఖమే చెప్తోంది" అన్నాడు. పదకొండు చేతులు లేచాయి. అర్లీన్ చెయ్యి లేవలేదు. పన్నెండుమందీ ఒక్కమాట మీదకొస్తేనే తీర్పు.

"ఏం తల్లీ, ఇవాళ మమ్మల్ని ఇళ్లకు పోనివ్వవా?" అన్నాడు నోరిస్.

"నా బస్సులో ఒకసారి సీట్లు కోసేశారయ్యా. అడిగితే నీళ్లు నమిలాడని ఓ పిల్లాణ్ణి నెలరోజులు బస్సెక్కనివ్వలేదు. వాడు కాదని తర్వాత తెలిసింది. పాపం, భయపడ్డాడంతే."

"ముఖం చూడకపోతే మరేం చూడాలి, చేతిగీతలా?"

"చెప్పినదానికీ అక్కడున్నదానికీ పొంతన ఉందో లేదో చూద్దాం. పోలీసు ఫొటోలు తెప్పించు."

ఘటన జరిగిన అరగంటకు కొట్టు పగిలిన కిటికీని చూపించడానికి తీసిన ఫొటో ఒకటి వాటిలో ఉంది. ఓ మూలన వెనక గేటు కనిపిస్తోంది. దానికి రెండు వైపులా మోకాలెత్తు మంచు. ఒక్క అడుగుజాడ లేదు.

"తర్వాత కురిసిందేమో?" అన్నారెవరో.

"తెల్లారేసరికే ఆగిందని పోలీసాయనే చెప్పాడుగా," అంది అర్లీన్.

నోరిస్ ఫొటోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "ఈ గేటు తెరవాలంటే పార పట్టాల్సిందే," అన్నాడు నెమ్మదిగా. "గ్రేడీ పొరబడ్డాడో, కల్పించాడో తెలీదు. చూశానన్నది మాత్రం జరగలేదు."

"నిర్దోషి" అన్న మాట వినగానే టోబీ కుర్చీలో కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వెనక బల్లమీద ఇడా వెక్కివెక్కి ఏడ్చింది.

కోర్టు బయట మెట్లమీద అర్లీన్ మంచు చూసుకుంటూ దిగుతోంది. నోరిస్ చెయ్యి అందించాడు. విచారణ సాగిన మూడురోజులూ ఆమెకు అన్నం సయించలేదు. ఆ మధ్యాహ్నం ఎదుటి హోటల్లో వేడి సూపు తాగి, బ్లూబెర్రీ పళ్ల తీపి రొట్టె రెండు ముక్కలు తిని, మూడోది ఇంటికి కట్టించుకుంది.