రెండు పెట్టెలూ, ఒక అక్కా

సంగీతం మనిషిని మెత్తబరుస్తుందని సభల్లో తెగ చెబుతుంటారు. కళ్లజోళ్ల దుకాణం నడిపే ఈ పెద్దమనిషి ఇంటి ముందుగదిలో ఓ సాయంత్రం కూర్చుంటే మళ్లీ ఆ మాట ఎత్తరు.

పగలంతా ఆయన చేసే పని ఒక్కటే. కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్ల ముందు అద్దాలు మారుస్తూ, "ఇది నయమా, ఇది నయమా?" అని అడగటం. విసుగెత్తి ఏదో ఒకటి చెప్పి బయటపడదామనుకునేవాళ్లను ఇట్టే పట్టేస్తాడు. మళ్లీ మొదటికి తెస్తాడు. ఆ మొండితనమే ఆయనకు పేరు తెచ్చింది.

దాన్నే ఇంటికీ తెచ్చాడు. రికార్డు ప్లేయర్ కొన్నాక దానికో ఫోనో ప్రీయాంప్ కావలసి వచ్చింది. రికార్డు మీది ముల్లు నుంచి వచ్చే ధ్వని చీమ గుసగుసంత. దాన్ని పెంచి స్పీకర్ల దారి పట్టించే పెట్టె అది. చిక్కేమిటంటే, దగ్గర్లో మోటారు తిరుగుతుంటే ఆ గుర్రునీ అంతే శ్రద్ధగా పెంచుతుంది. మోటారు ఆ గదిలోనే ఉంది: అక్క ఆక్సిజన్ మిషన్. ఊపిరితిత్తులు పాడైన మనిషి, పగలూ రాత్రీ ముక్కుకు గొట్టం ఉండాల్సిందే.

రికార్డు ప్లేయర్ అమ్మినవాడు వాడి చూడమని రెండు పెట్టెలిచ్చాడు. ఒకటి బోసి రేకు డబ్బా. రెండోదానికి పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులు, వెలిగితే నారింజ రంగు.

"అక్కా, మిషన్ కాస్త ఆపుతా. ఒక్క పాటే."

"పొట్టి పాట పెట్టు నాయనా."

రేకు డబ్బాతో ఒకసారి, వాల్వులతో అదే పాట ఇంకోసారి. "ఇది నయమా, ఇది నయమా?"

"మొదటిది," అంది అక్క, పాట పూర్తికాకుండానే.

"వినకుండా చెప్తున్నావు. నా కుర్చీలో కూర్చునేవాళ్లూ ఇంతే."

"వాళ్లకి ఊపిరాడుతుంది కదరా."

అక్క మాటకారితనానికి నవ్వుకుని ముల్లు మళ్లీ మొదట్లో పెట్టాడు.

"రెండోది," అందీసారి. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ఇందాక మొదటిదన్నావు. తేల్చి చెప్పక్కా, నీ చెవి మీద నాకు గురి."

గురి నిజమే. అక్కంటే ఆయనకు ప్రాణమని చుట్టాలంతా మెచ్చుకుంటారు. ఎవరి ప్రాణమో ఎవరూ అడగలేదు.

మూడోసారి ఆమెకు మాట రాలేదు. రేకు డబ్బావైపు వేలు చూపింది. అప్పుడు మిషన్ వేశాడు. వాల్వుల పెట్టె గుర్రుమంది. దాన్ని తీసి రేకు డబ్బా తగిలిస్తే పాట శుభ్రంగా నడిచింది.

"చూశావా," అంది గాలి అందాక. "దీనికి మిషన్ ఆపక్కర్లేదు. ఇదే కొను."

"గుర్రు లేదు, ఒప్పుకుంటా. పాడే గొంతులో ఆ తీపీ లేదు. తీపి వాల్వుల్లోనే ఉంది."

"తీపి కావాలంటే నన్ను ఆపాలి."

"నిన్నెవరు ఆపుతున్నారు, మిషన్నేగా. రోజుకి రికార్డు ఒక్క పక్క. ఇట్టే అయిపోతుంది."

రేకు డబ్బా మర్నాడే వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడాయన సాయంత్రం రాగానే అట్ట కవర్లోంచి రికార్డు తీస్తాడు. అడగనక్కర్లేదు. అక్కే చేయి చాచి మిషన్ ఆపేసి, కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటుంది. కదిలితే ఊపిరి ఖర్చు. పాటలో లీనమైందనుకుని, పక్క అయిపోగానే ఆయన రికార్డు తిప్పి రెండో పక్క కూడా పెడుతున్నాడు.