చదవకుండా పెట్టిన సంతకం

శుక్రవారం మధ్యాహ్నం నేను ట్రైనీగా ఉన్న లాయర్ల ఆఫీసులో ఒక అద్దాల గదిలోకి పిలిచి, ట్రైనింగ్ అయిపోయాక నన్ను ఉంచుకోవడం లేదని చెప్పారు. చెప్పినావిడ చాలా మర్యాదస్తురాలు, గ్లాసుతో మంచినీళ్ళు కూడా ఇచ్చింది. నేను థాంక్యూ అన్నాను. ఎందుకన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లా చదివితే సింగపూర్‌లో ఉద్యోగాలకేం కొదవ అని ఇంట్లోవాళ్ళు నన్ను చేర్పించారు. మా బ్యాచ్‌లో చాలామంది ట్రైనింగ్ దొరకడానికే అల్లాడారు. దొరికింది కాబట్టి నేను అదృష్టవంతురాలినట.

రైలు మా ఇల్లున్న బుకిట్ బటోక్ చేరేదాకా ఒకటే భయం. పోయిన ఉద్యోగం గురించి కాదు. చదువు కోసం తీసుకున్న అప్పు త్వరలోనే కట్టడం మొదలుపెట్టాలి. దానికి షూరిటీ ఉన్నది మా నాన్న కాదు, చోవా చూ కాంగ్‌లో ఉండే నాన్న స్నేహితుడు, అంకుల్. నేను కట్టకపోతే బ్యాంకు వాళ్ళు తట్టేది ఆయన ఇంటి తలుపే.

ఆ సంతకం నాకు బాగా గుర్తు. నాన్న అప్పటికే అక్క చదువుకు షూరిటీ ఉన్నాడని బ్యాంకు వాళ్ళు ఇంకొకరిని తెమ్మన్నారు. నాన్నా అంకులూ ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఒకే గదిలో అద్దెకున్నవాళ్ళు. బ్యాంకులో బల్ల అవతలి అమ్మాయి ఒకసారి చదువుకోండి అంటే, అంకుల్ నవ్వి పెన్ను తీశారు. "సదువుడేంది? నేను సదువుకుంట కూసుంటే నా దోస్తును నమ్మనట్టే గదా" అన్నారు మాతో. నాన్న కళ్ళు చెమర్చాయి. మావాళ్ళలో అంతే, స్నేహితుడి కాగితాన్ని అతని ఎదుటే చదివితే అతణ్ణి అనుమానించినట్టు. లా కాలేజీలో చేరబోతున్న నాకు కూడా ఆ రోజు అది గొప్పగానే అనిపించింది.

శనివారం పొద్దున ఆ అంకులే మా ఇంటికి వచ్చారు. నేనింకా ఇంట్లో ఏమీ చెప్పలేదు. అమ్మ మాత్రం తెలిసిన తెలుగువాళ్ళందరికీ మా అమ్మాయి లాయరని ఎప్పుడో చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను లాయరుగా కోర్టులో ప్రమాణం చెయ్యడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి.

అంకుల్ ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"కంపెనీల మనుషులను తీసేస్తున్నరు బిడ్డా. నా పేరు గూడ అచ్చింది. పైసలిస్తరట, గిండ్ల సంతకం పెట్టాల్నట. జర సూడు. నువ్వు మంచిగున్నదంటే ఇక్కడ్నే పెట్టేస్త."

మూలిగే నక్క మీద తాటిపండు పడింది. నాకు ఆసరాగా సంతకం పెట్టిన మనిషికే ఇప్పుడు ఆసరా లేదు. అప్పటికే ఆయన పెన్ను మూత తీసి పట్టుకున్నారు. నేను ఊఁ అంటే చాలు, పెట్టేస్తారు.

"వద్దు అంకుల్. నేనింకా లాయర్ కాదు, అడ్వైస్ ఇవ్వకూడదు. రాంగ్ చెప్తే మీకే లాస్. నిజం లాయర్‌కి చూపించండి."

"నువ్వు గాకుంటే ఇంకెవరు బిడ్డా?"

"జర సూడు బిడ్డా, అంకులే గదా" అన్నాడు నాన్న.

ఇక దాచలేకపోయాను. "నాకూ జాబ్ లేదు నాన్నా. నన్ను ఉంచుకోవట్లేదు. నిన్ననే చెప్పారు."

అమ్మ పొయ్యి ఆపేసింది. అంకుల్ పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. నావైపు చూడకుండా అడిగారు.

"అయితే బిడ్డా, నేనప్పుడు బ్యాంకుల పెట్టిన సంతకం, దాంట్ల ఏమున్నది?"

"నేను కట్టలేకపోతే మీరు కట్టాలి అంకుల్."

"ఎంత?"

"మొత్తం. వడ్డీతో సహా."

ఆయన ముఖంలో రంగు మారడం చూశాను. ఇన్నేళ్ళు చదివిన చదువులో ఇంత సులువైన వాక్యం లేదు, చెప్పడానికి ఇంత కష్టమైనదీ లేదు.

"ఇంట్ల ఉన్నదా ఆ కాగితం?"

తెచ్చి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. మధ్యలో ఆగి ఒక మాటకు అర్థం అడిగారు. చెప్పాను. ఎదురుగా కూర్చున్న నాన్న తన చేతుల వంకే చూసుకుంటున్నాడు. అంకుల్ రెండో పేజీ తిప్పగానే నాన్న లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా కారిడార్‌లోకి వెళ్ళిపోయాడు.

అంకుల్ తలెత్తలేదు. చదువుతూనే ఉన్నారు.