మైక్‌సెట్ అతని క్యాసెట్

మేడ్చల్‌లో మా కాలనీ వినాయక మండపానికి మైక్‌సెట్ పెట్టే అతను, భక్తి పాటలకు ముందు ఎప్పుడూ ఒకే హెవీ మెటల్ ఇంగ్లీషు పాటల క్యాసెట్ వేసేవాడు. స్పీకర్ డబ్బా మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకునేవాడు.

“ఆపవయ్యా, దయ్యాల గోల,” అన్నాను. అప్పుడు కమిటీ కార్యదర్శిని నేనే.

“ఆఖరిదాక ఒక్కపారి ఇనుండ్రి సార్. గప్పుడు ఆపమంటె ఆపుత.”

నేను వినలేదు. తాగొచ్చి రచ్చ చేశాడని కమిటీకి చెప్పి మాన్పించాను. అతనికి తాగుడు అలవాటే లేదు. ఆ మాట శామీర్‌పేట దాకా పాకి, పెళ్లిళ్లకూ ఎవరూ పిలవలేదు. చివరికి స్పీకర్లు అమ్ముకున్నాడు.

మొన్న మా అబ్బాయి, అప్పట్లో ఎవరూ పట్టించుకోని గొప్ప ఆల్బమ్ అంటూ ఆ క్యాసెట్‌లోని పాటలే వినిపించాడు. ఈసారి ఆఖరిదాకా విన్నాను. అరుపులన్నీ అణిగాక ఒక్క గిటార్ మిగిలి, ఎవరినో బతిమాలుతున్నట్టు మోగింది.

“నీకిది ముందే తెలుసా నాన్నా?” అన్నాడు, నా మొహం చూసి.

“కుర్రతనం నుంచీ ఇష్టంరా,” అన్నాను. అదీ అబద్ధమే.