పుస్తె కట్టేటప్పటి ఫోటో

కరీంనగర్‌లో పెళ్లి ఫోటోలు తీసే ఒక స్టూడియోలో నేను, ఒక అబ్బాయి ఒకే నెలలో చేరాం. కెమెరా పట్టడం ఇద్దరం అక్కడే నేర్చుకున్నాం. కొన్నాళ్లకు అతను కెమెరామన్ అయ్యాడు, నేను ‘లేడీస్ కెమెరా’ అయ్యాను. పెళ్లికూతురి ముస్తాబు, గోరింటాకు చేతులు, ముత్తయిదువలు నా వంతు. మండపం మీద జరిగేదంతా అతని వంతు.

జీతాల సంగతి ఓ పెళ్లి బంతిలో బయటపడింది. పక్కపక్కనే కూర్చుని తింటున్నాం. "గీ జీతంతోని బండి కిస్తులే ఎల్తలేవు" అంటూ తనకెంత వస్తుందో చెప్పాడు. నాకు వచ్చేది అందులో సగానికి కాస్త పైన. నా ముఖం చూసి అతను తినడం ఆపేశాడు.

"నీకు గూడ గంతే అనుకున్న" అన్నాడు. నిజంగానే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓనర్ని అడిగాను.

"వాడు మొగపిల్లగాడు బిడ్డా, ఇల్లు నడపాలె. నీకేం ఫికర్? రేపు పెండ్లి చేస్కొని పోతవు."

"మా ఇల్లు నడిపేది నేనే సార్. బట్టలు నేసే సాంచాల పని సరిగ్గ నడవక మా బాపు ఇంట్లనే ఉంటుండు."

"లైట్లు, స్టాండ్లు మోసేది వాడే గద?"

"ఇగ నేను గూడ మోస్త. మండపం గూడ నాకియ్యుండ్రి."

నవ్వుతూ సరేనన్నాడు. ఒక పెళ్లితో నేనే వెనక్కి తగ్గుతానని అతని ధీమా.

ఆ పెళ్లి భైంసాలో. లైట్ల పెట్టె మెట్లెక్కించేసరికి భుజం వాచింది. మండపం ఎక్కగానే పెళ్లికూతురి మేనమామ అడ్డం వచ్చాడు. "నువ్వు ఆడోళ్ల దిక్కు పో అమ్మా. మొగాయన లేడా?"

"పుస్తె కట్టేది నేనే తీస్తున్న మామా. జర పక్కకు జరుగుండ్రి, పిల్ల ముఖం కనవడ్తలేదు."

అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. ఆయన జరిగాడు. పుస్తె ముడి పడుతుంటే పెళ్లికూతురు తలెత్తి తల్లి వైపు చూసింది. ఆ చూపు నాకు దొరికింది.

వారం తిరగకుండా ఓనర్ ఆ ఫోటోను పెద్దది చేయించి స్టూడియో ముందు అద్దంలో అందరికీ కనబడేలా పెట్టాడు. నేను మళ్లీ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"గా ఫోటో తీసినోళ్లకు ఎంతిస్తరు సార్?"

"సీజన్ అయిపోనీ, చూద్దాం."

"సీజన్ అయినంక నాతోని మీకేం పని? ఇద్దరికి ఒకటే ఇస్తనంటె ఫోన్ చేయుండ్రి." కెమెరా టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

ఇంట్లో అమ్మ తల పట్టుకుంది. "ఉన్నది గూడ పోగొట్టుకుంటివి గద బిడ్డా!" నాకు మాత్రం బెంగ లేదు. పని నేర్చినదాన్ని, ఊళ్లో స్టూడియోలు ఇంకా ఉన్నాయి.

జీతం బయటపెట్టినందుకు ఆ అబ్బాయికి బాగా తిట్లు పడ్డాయని విన్నాను. నా మీద కోపం పెట్టుకున్నాడేమో అనుకున్నాను. జమ్మికుంటలో ఒక పెళ్లికి ముందురోజు అతనే ఫోన్ చేశాడు.

"నువ్వు లేవని పెండ్లిపిల్ల రూంలకు నన్ను పొమ్మన్నడు, నేను పోనన్న. ఇద్దరం ఒక్కతీరు పని చేస్తున్నం, ఆమెకు తక్కువెందుకని గూడ అడిగిన. సార్ మాట్లాడ్తడట, ఇగో."

ఓనర్ గొంతులో చిరాకు దాగలేదు. "సరే, గంతే ఇస్త. రేపు పొద్దుగాల్ల రా."

"స్టూడియో కార్డు మీద నా పేరు పక్కన గూడ కెమెరామన్ అనే రాయాలె సార్."

"ఆడోళ్లను కెమెరామన్ అంటరా?"

"ఫోటోగ్రాఫర్ అని రాయుండ్రి."

జీతం ఆ నెల నుంచే మారింది. కార్డు మారడానికి ఇంకో సీజన్ పట్టింది, నేను అడుగుతూనే ఉన్నాను. మొన్న ఇచ్చోడ నుంచి ఒక అమ్మాయి పనికి వచ్చింది. జీతం ఎంతని ఆమె అడిగితే, ఓనర్ ముందు నా వైపు ఓసారి చూసి, తర్వాత చెప్పాడు.