టెస్టు వారం ఆకుకూర బంద్

మా ఊళ్లో జ్వరమొస్తే ఒక డాక్టరు దగ్గరికి పోతారు. రక్తం గడ్డకడితే మాత్రం ఊరంతా డాక్టర్లే. నా ఎడమకాలు వాచి, లోపల గడ్డ ఉందని తేలినప్పుడు ఆ సంగతి తెలిసొచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కాపలాయే నా మీద తిరగబడి రక్తాన్ని గడ్డకట్టిస్తోందని కృష్ణగిరి డాక్టరు చెప్పాడు. రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర బతికినంతకాలం వేసుకోవాలి. నెలనెలా టెస్టు చేయించుకోవాలి. అందులో వచ్చే అంకె రెండుకూ మూడుకూ మధ్య నిలవాలి. దిగితే గడ్డ, ఎక్కితే రక్తస్రావం. ఆకుకూరలు ఆ మాత్ర బలాన్ని తగ్గిస్తాయట. మానక్కర్లేదు గానీ రోజూ ఒకే కొలతలో తినమన్నాడు.

ఇదంతా విన్న మా అత్తకు 'ఆకుకూర' అన్న మాట ఒక్కటే చెవికెక్కింది. కెలవరపల్లి దగ్గరి మా చేలల్లో వాన పడితే చాలు, గట్ల నిండా రకరకాల ఆకులు లేస్తాయి. అవి లేని సంగటి ఆమె లెక్కలో సంగటే కాదు. "ఆకు తినకుంటే రక్తం యాడనుంచి వస్తాదమ్మా?" అంటూ నా కంచంలో గుట్ట పోసేది.

మా ఇంట్లో ఇంకో మర్యాద ఉంది. ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ముందురోజే కొట్టం కడుగుతారు, ఆవుల ఒళ్లు తోముతారు. ఆఫీసరు జీపు మలుపు తిరగ్గానే పేడ మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. నా రక్తానికీ అదే మర్యాద జరిగింది. టెస్టు వారం వచ్చిందంటే కంచంలో చారూ మజ్జిగే. చేలో పనుంది, ఆకు కోసే తీరిక లేదనేది అత్త. నేను నమ్మేదాన్ని. టెస్టు చేయించుకుని బస్సు దిగేసరికి పొయ్యి మీద ఆకు కుతకుతా ఉడుకుతుండేది.

అంకెలు బ్రహ్మాండంగా వచ్చేవి. ఒకసారి మూడు దాటితే డాక్టరు మాత్ర కొంచెం తగ్గించాడు. అత్త ఆ అంకెను ఇంటికొచ్చిన వాళ్లందరికీ మనవడి మార్కుల్లా చెప్పుకునేది.

అలాంటి ఒక టెస్టు వారంలోనే నా కుడికాలు వాచింది. మళ్లీ గడ్డ. అంకె మాత్రం రెండున్నర.

మా మిద్దె మీద బాడుగకుండే ఆంధ్రా ఇంజనీరు, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, పరామర్శకొచ్చి వైద్యం మొదలుపెట్టాడు. "ఇంకా ఆ పాత మందేనా అండీ? మా నాన్నగారికి కొత్త మాత్రిచ్చారు. టెస్టుల్లేవు, పథ్యం లేదు!" వాళ్ల నాన్నగారిది గుండె లయ తప్పే జబ్బు, నాది వేరే. అంత చిన్న తేడాని ఆయన పట్టించుకోలేదు. నెలనెలా కృష్ణగిరి బస్సు తప్పుతుందని మా ఆయన మొహం వెలిగింది. "పాతది పని చెయ్యలేదు కదా, మార్చేద్దాం" అన్నాడు. గడ్డ నాది, తీర్మానం వాళ్లది.

అత్తా, మా ఆయనా, నేనూ డాక్టరు ముందు కూర్చున్నాం. "మీ జబ్బులో కొత్త మాత్రను నమ్మలేనమ్మా" అన్నాడు డాక్టరు. "కానీ అంకె బాగున్నా గడ్డ కట్టిందంటే పాతది కూడా ఓడిపోయినట్టే. ఇంక రోజూ కడుపులో సూదులే వేసుకోవాలేమో. మాత్ర మరిచినారా? తిండి మారిందా?"

మా ఆయన పైకప్పు చూశాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. నేను మాత్రం సూదుల మాట దగ్గరే ఆగిపోయాను. బతికినంతకాలం సూదులా?

అత్త కొంగు సర్దుకుని గర్వంగా అంది: "తిండిలో తప్పేమీ లేదప్పా. టెస్టుకు వారం మునుపే నేను ఆకు నిలిపేస్తాను. అంకె బాగా రావల్ల కదా!"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, ఇన్నాళ్లూ నేను చూసింది మీ కోడలి రక్తం కాదు, మీ వంటకిచ్చిన సెలవులు. ఆ అంకె చూసి మాత్ర తగ్గించినాను. మీరు మళ్లీ ఆకు పెట్టినారు. ఆ దినాల్లోనే గడ్డ కట్టింటుంది. మాత్ర ఓడిపోలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మేం ఆకులు పట్టుకునే కాల్చుకున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా సూదుల గండం గడిచింది, అదీ ఆమె నోటి మాటతోనే. వాపు తగ్గేదాకా సూదులు, ఆ తర్వాత పాత మాత్రే. ఆకు మానకుండా టెస్టుకు రమ్మన్నాడు, దాన్ని బట్టి మోతాదు చూస్తాడట.

తిరుగు బస్సులో అత్త నా పక్కకొచ్చి కూర్చుంది. మెల్లగా అడిగింది. "నీకేమన్నా అయ్యుంటే నేనే చంపినట్లు కదమ్మా?"

"అవును" అన్నాను. కాదనడానికి నాకు మనసొప్పలేదు.

తర్వాతి టెస్టు రోజు పొద్దున, సంగటి పక్కన ఆకు వడ్డించబోయి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ పొద్దొక్క దినం వద్దులేమ్మా. తక్కువొస్తే ఆ డాక్టరప్ప ఏమంటాడో."

"రానీ" అని కంచం ముందుకు జరిపాను. "నిన్న ఎంత పెట్టినావో అంతే పెట్టత్తా."