మొదటి అంతస్తులో తోడేలు

మా షాపులో పొద్దుటి నుంచి ఆగకుండా తిరుగుతున్న జిరాక్స్ మెషీన్ మీద అరచెయ్యి ఆనించి, అది కాలుతున్నా తియ్యకుండా చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. ఈ ఒట్టు ఎందుకంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో నా మాటకి పెద్ద విలువ లేదు. మలక్‌పేట రేసుల్లో ఓడిపోయిన గుర్రమొకటి సిగ్గుపడి మా గల్లీలోకి పారిపోయొచ్చిందనీ, కోచింగ్ పిల్లల ఫిజిక్స్ నోట్సు సగం నమిలేసిందనీ నేను చెబితే నమ్మినవాళ్లు ఇంకా ఉన్నారు. అది వేరు. ఇది వేరు.

మా అపార్ట్‌మెంటు మెట్రో లైనుకి రెండు గల్లీల వెనక ఉంటుంది. మేం మూడో అంతస్తులో కిరాయికి ఉంటాం. కిందటేడు మొదటి అంతస్తులోకి అరవై దాటిన ఒకావిడ ఒంటరిగా దిగింది. కాకినాడ వైపు మనిషి. వయసులో ఉండగా మద్రాసులో సినిమా రికార్డింగులకి చెల్లో వాయించేది. చెల్లో అంటే, వయొలిన్ పెరిగి పెద్దదై, ఇక భుజం మీద కూర్చోలేక నేల మీద నిలబడితే ఎలా ఉంటుందో అది. ఒక్క కీబోర్డులోంచే అన్ని తీగల చప్పుళ్లూ వచ్చేశాక ఆవిడకి పని పోయింది. హైదరాబాదు వచ్చి పిల్లలకి నేర్పుకుంటోంది. చప్పుడు భరించలేమని ఇప్పటికి ఐదిళ్లు ఖాళీ చేయించారు. ఇది ఆరోది. ఈ ఇంటి ఓనరు మా అసోసియేషన్ సెక్రటరీయే. "రాత్రి ఎనిమిది దాకా వాయించుకోండమ్మా" అన్నాడట. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎండ పడని ఇంట్లో దిగిపోయింది.

"ఈ ఇల్లు కూడా పోతే ఇంక దీన్ని పెట్టెలో పెట్టి తాళం వేసెయ్యడమేనండీ," అంది నాతో ఒకసారి, నవ్వుతూనే.

ఆవిడ దగ్గర మొదట మా అమ్మాయి చేరింది. రెండు వారాలకే ఇంటర్ కోచింగు దాన్ని మింగేసింది. పిల్ల ఇంక రాదని చెప్పడానికి నేను కిందికి దిగాను. మేడమ్ విని, "సరే, మీరు కూర్చోండి" అని కుర్చీ చూపించి, చెల్లోని నా మోకాళ్ల మధ్య నిలబెట్టింది. నా యాభయ్యో ఏడు అలా మొదలైంది.

మొదటి రెండు నెలలూ ఎడమచేతికి పని లేదు. కమానుతో ఒకే తీగ మీద ఒకే గీత. మెట్రో స్టేషనులోకి వచ్చి ఆగి మళ్లీ కదిలేంతసేపు ఆ గీత తెగకూడదు. "తొందరేముంది బాబూ? ఆ రైలు కూడా ఎల్బీ నగర్ దాటి ఎక్కడికీ పోలేదుగా" అనేది.

నాలుగో నెలలో, వేలిని తీగ మీద కిందికి జరుపుకుంటూ పోతుంటే, ఒకచోట స్వరం నా చేతిలోంచి జారిపోయింది. అంతదాకా నున్నగా సాగుతున్నది ఎవరో గొంతు పట్టుకున్నట్టు గరగరలాడి, తెగి, మళ్లీ అందుకుని, మళ్లీ తెగింది. ఆ వణుకు నా పక్కటెముకల్లోకి వచ్చింది. వంటింట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. నేను కమాను తీసేశాను.

"భయపడకండి. దాన్ని తోడేలంటారు," అంది మేడమ్. "ప్రతి చెల్లోలోనూ ఒకటుంటుంది. ఈ చెక్క ఒళ్లు తనంతట తాను ఊగే స్వరం ఒకటుంది. మీ వేలు సరిగ్గా అక్కడ పడితే తీగా, చెక్కా దెబ్బలాడుకుంటాయి."

"దాన్ని వదిలించుకోలేమా మేడమ్?"

"తీగకి చిన్న ఇత్తడి గొట్టం తొడిగితే నోరు మూసుకుంటుంది. నేను తొడగను. దాని నోరు కట్టేస్తే మిగతా స్వరాలూ నీరసపడతాయి. మోకాళ్లతో నొక్కి పట్టి దాటిపోవాలి, అంతే."

దాటిపొమ్మంది కదా. నేను దాటలేదు. పుండుని గోకినట్టు వారమంతా అక్కడే గోకాను. ఆ అరుపు కిటికీలోంచి కింద పార్కింగులోకి దిగింది. అక్కడ సాయంత్రాలు సెక్రటరీ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ బిల్డింగున్న జాగాలో ఒకప్పుడు వాళ్ల నాయిన జొన్నలేశాడు.

"ఏంది తమ్మీ గది? ఎవలదో పాణం పోతున్నట్టు ఒస్తున్నది," అన్నాడు నన్ను చూసి.

నిజం చెబితే రెండు వాక్యాల్లో అయిపోయేది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"చెప్పొద్దు గని అన్నా... గది తోడేలు. కుక్క ఏడిస్తేనే మంచిది కాదంటరు గద. మద్రాసుల సావు సీనుకు తప్ప గా స్వరం వాయించనియ్యకపోతుండె. ఒక్కదినం మూడుమాట్ల ఒర్లిందనుకో, విన్నోళ్లల్ల ఒకలు వారం దాటరు. స్టూడియోల ముగ్గురు పోయిన్రంట. అందుకే ఆమె మద్రాసు ఇడిసిపెట్టింది."

వాచ్‌మన్ చేతిలోని పైపు నీళ్లు కారుతూనే ఉన్నాయి. సెక్రటరీ నవ్వాడు. "ఊకో తమ్మీ, మొన్న గుర్రం, ఇయ్యాల తోడేలా?" అన్నాడు. నవ్వుతూనే మొదటి అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చాలు నాకు. ఆ రాత్రి అన్నం రుచిగా తిన్నాను.

తర్వాతి గురువారం మధ్యాహ్నం నాలుగో అంతస్తు పెద్దాయన భోంచేసి కుర్చీలో వాలి, మళ్లీ లేవలేదు. గుండెకి రెండుసార్లు ఆపరేషనైన మనిషి. అంబులెన్సు వెళ్లాక వాచ్‌మన్ నా పక్కకొచ్చి, "నిన్న మూడుమాట్ల ఒర్లింది సార్. నేను లెక్కవెట్టిన," అన్నాడు.

నిన్న వాయించింది నేను.

ఆ తర్వాత అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో కొత్తరకం మెసేజులు మొదలయ్యాయి. "ఈరోజు ఒకటి." కాసేపటికి ఇంకెవరో, "రెండు." ఏమిటవి అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. లిఫ్టులో ఐదో అంతస్తు గుంటూరావిడ నా వైపు వంగి, "మీకు తెలుసాండీ? మద్రాసులో ఏడుగురు పోయారంట. ఆవిడ మొగుడు కూడా అలాగే పోయాడంట," అంది. నేను చంపింది ముగ్గురినే. మేడమ్‌కి అసలు పెళ్లే కాలేదు.

ఆవిడ గుమ్మం ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ చెక్కలు కనిపించసాగాయి. "ఎవరో పిల్లలకి దిష్టి తీసి పడేసినట్టున్నారు పాపం," అని చీపురుతో పక్కకి నెట్టేది. ఏడుగురు శిష్యుల్లో ఒక్కొక్కరే మానేసి చివరికి నేను మిగిలాను. "పరీక్షలేమోనండీ?" అని నన్నడిగితే, "అయ్యుంటాయి మేడమ్," అన్నాను.

నా వేలు ఇప్పుడు ఆ చోటు మీదికి పోవడం లేదు. ఒక సాయంత్రం పాల ప్యాకెట్టుతో మెట్లెక్కుతుంటే మేడమ్ వాయిస్తోంది. తోడేలు ఒకసారి అరిచింది. కాసేపటికి మళ్లీ. నేను రెండు మెట్ల మధ్య నిలబడిపోయాను, మూడోదాని కోసం. ప్యాకెట్టు మీది చెమ్మ నా మణికట్టు మీదుగా కారుతోంది. ఆ కథ పుట్టించింది నేనేనని ఆ కాసేపూ నాకు గుర్తుకి రాలేదు.

మూడోది రాలేదు. కానీ ఆ వారంలోనే సెక్రటరీ తల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆదివారం పొద్దున పార్కింగులో మీటింగు పెట్టారు.

"అమ్మా, మీరు మంచోళ్లే," అన్నాడు సెక్రటరీ, ఆవిడ మొహం వైపు చూడకుండా. "గని మా అమ్మ దవాఖానల ఉన్నది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

"చప్పుడెక్కువైతే ఏడింటికే ఆపేస్తానండీ. పోనీ ఆరింటికి. ఆ గొట్టం కూడా తొడిగేస్తాను, ఇంక అరవదు," అంది మేడమ్. "ఇంకెక్కడా వాయించనివ్వరు బాబూ."

"చప్పుడు కాదమ్మా..."

చివరికి గుంటూరావిడే తెగించి మొత్తం చెప్పేసింది, ఏడుగురినీ, లేని మొగుడినీ కలిపి. మేడమ్ అంతా విని, మెల్లగా, "ఎవరు చెప్పారండీ ఇదంతా?" అంది.

నేను లేచి నిలబడ్డాను. "నేనే. అంత నేనే కల్పించిన. తోడేలు లేదు, సావుల్లేవు," అన్నాను.

సెక్రటరీ నవ్వాడు. "కూసో తమ్మీ. ఆమె కాడ నేర్చుకుంటున్నవని పావురంతోని, ప్రేమతోని చెప్తున్నవు. మాకెరుక లేదా? గిది గూడ నీ కతనే!" అందరూ నవ్వారు. "నేను లెక్కవెట్టిన గద సార్," అన్నాడు వాచ్‌మన్. మా అమ్మాయి మీద ఒట్టేశాను. ఎవరూ నమ్మలేదు. మేడమ్ కూడా నమ్మక, "నాకోసం నింద మీద వేసుకోకండి," అంది. అబద్ధాలకి అలవాటుపడ్డ నోటిని నిజం కూడా కాపాడలేకపోయింది.

ఇదీ జరిగింది.

కాదు. ఇంతదాకా వచ్చాక దాచలేను. ఇందులో ఒకటి నేను కల్పించాను. మీ అనుమానం గ్లాసులు మోగడం మీద ఉంటే, అవి మోగాయి. వాచ్‌మన్ నిజంగానే లెక్కపెట్టాడు. పెద్దాయన నిజంగానే గురువారం పోయాడు. నేను కల్పించింది లేచి నిలబడటం. నేను లేవలేదు. "ఎవరు చెప్పారండీ" అని మేడమ్ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తుంటే, నేను ఎదుటి స్కూటరు నంబరు చదువుతున్నాను. చెప్పినా నమ్మేవాళ్లు కారన్నది నా ఓదార్పు కోసం నేను అల్లుకున్నది.

వాళ్లు నమ్మేవాళ్లే. మీటింగుకి ముందు సెక్రటరీ నన్ను లిఫ్టు వెనక్కి పిలిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు. "తమ్మీ, జర నిజం చెప్పు. గది నీ కతనేనా? కతనే అయితే చెప్పు, మీటింగ్ బంద్ చేస్త. ముసలామెను ఎల్లగొట్టుడు నాకు మాత్రం మంచిగనిపిస్తదా?" అన్నాడు.

"కత కాదన్నా," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. భయపడ్డాను అనుకుంటే సులువు. కానీ ఆయన అడిగిన ఆ నిమిషంలో నేను నిజంగానే నమ్ముతున్నాను.

నెలాఖరున సామాను దింపడానికి నేనూ సాయం పట్టాను. ట్రాలీ ఆటో పక్కన నిలబడి మేడమ్, "అందరూ మానేశారు. మీరొక్కరే భయపడకుండా వచ్చారు. మర్చిపోను బాబూ," అని నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ఎల్బీ నగర్ అవతల ఒక లేడీస్ హాస్టల్లో, ముగ్గురుండే గదిలో ఉంటోంది. అక్కడ వాయించనివ్వరు. కానీ వారం వారం నాకు ఫోన్ చేసి, స్వరాలు పాడి వినిపించి పాఠం చెబుతుంది. ఆవిడకి మిగిలిన శిష్యుణ్ని నేనే. నేను సొంతానికి చెల్లో కొనుక్కున్నానని చెప్పాను, రోజూ సాధన చేస్తున్నానని కూడా.

"చిటికెన వేలు ఇంకా వంగిపోతోందా బాబూ?" అని అడుగుతుంది.

"లేదండీ, నిలబడుతోంది," అంటాను.

మా ఇంట్లో చెల్లో లేదు.